ఒడ్డుకొచ్చాక మొదలయ్యే జబ్బు

పేషెంట్‌ని నేను మొట్టమొదట అడిగే ప్రశ్న వింటే మీకు నవ్వొస్తుంది. "తలకి నూనె రాశారా?" కొబ్బరినూనె, వ్యాజలైన్, సెంటు, పెదాలకు రాసుకునే బామ్... ఏది రాసుకున్నా సరే, ముందు సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి రావాల్సిందే. ఫోన్, వాచీ, లైటర్, నైలాన్ బట్టలు అన్నీ బయటే వదిలేయాలి. ఆసుపత్రి ఇచ్చే కాటన్ బట్టలు వేసుకుని, మందపాటి స్టీలు తలుపు దాటి లోపలికి రావాలి. వాళ్లతోపాటు నేనూ వెళ్తాను. డైవర్ కేసయితే, ఆ తలుపు మళ్లీ తెరుచుకునేసరికి దాదాపు ఐదు గంటలు.

మాది కాకినాడ. గల్ఫ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఆసుపత్రిలో హైపర్‌బారిక్ నర్సుని. పేరు గంభీరంగా ఉంది గానీ విషయం తేలికే. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద స్టీలు ట్యాంకు లాంటి గది ఉంటుంది. దాన్ని ఛాంబర్ అంటాం. అందులోకి గాలి ఎక్కించి ఒత్తిడి పెంచుతారు. లోపల కూర్చున్న పేషెంట్ మాస్కులోంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాడు. రోజూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది షుగర్ వల్ల కాలి పుండు మానని పెద్దవాళ్లు, క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నాక ఆ చోట మాంసం దెబ్బతిన్నవాళ్లు. స్కూబా డైవర్లు ఎప్పుడో గానీ రారు. వస్తే మాత్రం వారాంతాల్లోనే వస్తారు. వచ్చి చెప్పేదీ దాదాపు ఒకే మాట. "ఏం లేదు సిస్టర్, కండరం పట్టేసినట్టుంది."

నా అనుభవంలో బుడగలు చేసే నష్టానికి తోడు ఈ "ఏం లేదు" చేసే నష్టం తక్కువేం కాదు. అదెలాగో చెప్తాను.

సోడా లెక్క

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. నేల మీద అది వచ్చినట్టే వచ్చి పోతుంది, మనకి పట్టదు. నీళ్లలోకి దిగితే లెక్క మారిపోతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణం అంత ఒత్తిడి పెరుగుతుంది. అంటే 30 మీటర్ల లోతులో ఒంటి మీద ఉండే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. సిలిండర్‌లోంచి వచ్చే గాలీ అదే ఒత్తిడితో వస్తుంది కాబట్టి నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, నరాల్లో కరుగుతూనే ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ, ఉన్నంతసేపూ.

గోలీ సోడా తాగారుగా? గోలీ లోపలికి నొక్కగానే బుస్సున పొంగుతుంది. అప్పటిదాకా సోడాలో గ్యాస్ ఉన్నట్టే కనిపించదు. ఒత్తిడి తగ్గిన క్షణంలో బుడగలై బయటపడుతుంది. డైవర్ ఒంట్లోనూ అంతే. మెల్లగా, మధ్యలో ఆగుతూ పైకొస్తే నైట్రోజన్ ఊపిరితిత్తుల గుండా సద్దు చేయకుండా వెళ్లిపోతుంది. గబగబా వచ్చేస్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది.

బుడగ ఎక్కడ కూర్చుందన్నదాన్ని బట్టి జబ్బు. భుజం, మోచేయి, మోకాలు లాంటి కీళ్ల దగ్గరైతే లోతుగా సలిపే నొప్పి. చర్మంలో అయితే పాలరాయి మీద గీతల్లా మచ్చలు. లోపలి చెవిలో అయితే గది గిర్రున తిరుగుతుంది, వాంతులు. వెన్నుపాములో అయితే కాళ్లకి తిమ్మిరి, నడక తూలడం, మూత్రం రాకపోవడం. ఇవన్నీ ఎక్కువమందికి పైకొచ్చిన ఆరు గంటల్లోపే మొదలవుతాయి. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, డైవర్ల భాషలో బెండ్స్.

దీనికో అన్న ఉన్నాడు, ఇంకా మొరటోడు. పైకొచ్చేటప్పుడు భయంతో ఊపిరి బిగబడితే, ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి గోడలు చీల్చుకుని నేరుగా రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడుకీ పోతుంది. దానికి గంటలు పట్టదు. నీటిపైకి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే మనిషి స్పృహ తప్పొచ్చు, పక్షవాతం రావొచ్చు. పెద్ద లోతు కూడా అక్కర్లేదు, స్విమ్మింగ్ పూల్ లోతు చాలు. అందుకే స్కూబా క్లాసులో మొదటి రోజు చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఊపిరి బిగబట్టొద్దని. ఈ రెండు జబ్బుల్నీ కలిపి డీకంప్రెషన్ ఇల్‌నెస్ అంటారు. రెండింటికీ వైద్యం ఒకటే, మా ఛాంబర్.

"అక్కా, తిమ్మిరే అనుకున్న"

ఒక శనివారం సాయంత్రం కరీంనగర్ కుర్రాడొకడు వచ్చాడు. పేరొద్దు. ఇరవై ఆరేళ్లు, ఇక్కడే కంపెనీ ఉద్యోగం. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున్నుంచి మూడు డైవ్‌లు చేశాడు. చేతికున్న డైవ్ కంప్యూటర్ మూడు సార్లూ పచ్చగానే ఉంది, ఎక్కడా రూల్ తప్పలేదు. చివరి డైవ్ మధ్యాహ్నం రెండింటికి. ఐదింటికి కుడి భుజం నొప్పి మొదలైంది. సిలిండర్ మోసినందుకేలే అని నొప్పి మాత్ర వేసుకుని పడుకున్నాడు. మర్నాడు పొద్దున పాదాలు మొద్దుబారాయి. మధ్యాహ్నానికి మూత్రం రాలేదు. అప్పుడు రూమ్మేట్‌కి భయమేసి లాక్కొచ్చాడు. చివరి డైవ్ తర్వాత ఇరవై ఆరు గంటలకి.

నా యాస వినగానే మొహం వెలిగింది. "అక్కా, మీరు తెలుగా? కూసొని కూసొని తిమ్మిరెక్కిందనుకున్న."

"సరే తమ్ముడూ, లేచి ఒక కాలి ముందు ఇంకో కాలు పెట్టి నిలబడు. ఇప్పుడు కళ్లు మూసుకో."

మూసుకోగానే పక్కకి ఒరిగిపోయాడు. డాక్టర్ గుండుసూదితో కాళ్ల మీద గుచ్చుకుంటూ వస్తే, నడుం కింద ఒకచోట నుంచి సూది మొన ఏదో, మొండి తల ఏదో చెప్పలేకపోయాడు. భుజం నొప్పి గురించి వచ్చినవాడికి అసలు జబ్బు వెన్నుపాములో ఉంది.

"అమ్మకు చెప్పకు అక్కా, గాబరా పడ్తది," అన్నాడు. ఫోన్ ఎటూ బయట వదిలేయాల్సిందే కదా అన్నాను.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. డైవ్ కంప్యూటర్ చూసేది మీ ఒంటిని కాదు. లోతు, సమయం తీసుకుని సగటు మనిషిలో ఎంత నైట్రోజన్ ఉంటుందో లెక్క కడుతుంది, అంతే. మీరు నీళ్లు తక్కువ తాగారా, చలికి వణికారా, వరసగా ఎన్ని రోజులు దిగారు, పైకొచ్చాక బరువులు ఎత్తారా... ఇవి దానికి సరిగా తెలీవు. పైగా నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకతో వచ్చిన చిన్న సందు మూసుకుపోకుండా ఉంటుంది. మామూలుగా దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఊపిరితిత్తుల్లో వడకట్టుకుపోవాల్సిన బుడగలు ఆ సందులోంచి అవతలికి దాటొచ్చు. అన్ని రూల్సూ పాటించినా బెండ్స్ వస్తుంది. అలాంటప్పుడు "నేనేం తప్పు చేయలేదు కాబట్టి ఇది బెండ్స్ కాదు" అనుకోవడమే ప్రమాదం. ఇంకొందరికి సిగ్గు. బెండ్స్ వచ్చిందంటే డైవింగ్ రాదనుకుంటారేమో అని గ్రూపులో చెప్పరు. జ్వరం వస్తే సిగ్గుపడతామా? ఇదీ అంతే కదా!

బుడగ ఊరికే అడ్డం పడి కూర్చోదు. రక్తనాళం లోపలి పొరని గీరుతుంది. అక్కడ వాపు వస్తుంది, రక్తం చిక్కబడుతుంది. తర్వాత బుడగ కరిగిపోయినా వాపు మొదలుపెట్టిన నష్టం సాగుతూనే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఛాంబర్ చేయగలిగే పని తగ్గేది అందుకే.

వంతెన కింద దొరికిన మందు

ఈ జబ్బు డైవర్ల కంటే ముందు కూలీలది. 1870లలో న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కడుతున్నప్పుడు నది అడుగున బోర్లించిన గిన్నెలాంటి పెద్ద పెట్టెలు దించి, నీళ్లు రాకుండా లోపలికి గాలి ఎక్కించి, అందులో కూలీలతో మట్టి తవ్వించారు. పని ముగించి పైకొస్తే కీళ్లు పట్టేసేవి. కొందరు చచ్చిపోయారు. చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో ఈ జబ్బుతోనే మంచాన పడ్డాడు. ఆయన భార్య ఎమిలీ రోజూ సైటుకి వెళ్లి పనులు నడిపించింది. 1883లో వంతెన తెరిచారు.

విచిత్రమేంటంటే, నొప్పితో ఉన్న కూలీ మళ్లీ కిందికి పనికి దిగితే నొప్పి పోయేది. మందు కళ్ల ముందే ఉంది, చాలాకాలం ఎవరూ వాడలేదు. బుడగలు నైట్రోజన్‌వే అని ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో తేల్చాడు. కొన్నేళ్లకి హడ్సన్ నది కింద సొరంగం తవ్వేచోట ఎర్నెస్ట్ మోయర్ అనే ఇంజినీరు కూలీల కోసం ప్రత్యేకంగా ఒత్తిడి గది పెట్టించాడు. చావులు బాగా తగ్గాయి. 1908లో బ్రిటన్‌లో హాల్డేన్ మేకల్ని ఛాంబర్‌లో పెట్టి, ఏ వేగంతో పైకి తెస్తే అవి కుంటకుండా ఉంటాయో లెక్కలు వేశాడు. మీ చేతికున్న వేల రూపాయల డైవ్ కంప్యూటర్‌కి మూలం ఆ మేకలే!

తలుపు మూసుకున్నాక

లోపలికి గాలి ఎక్కుతున్నప్పుడు ముందు తెలిసేది వేడి. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగు వేడెక్కుతుంది చూడండి, అదే. ఏసీ ఉన్నా చెమట పడుతుంది. చెవులు బిగుసుకుంటాయి, విమానం దిగేటప్పటి కంటే గట్టిగా. ముక్కు పట్టుకుని గాలి ఊదు, గుటకలు మింగు అని నేను చెప్తూనే ఉంటాను. చెవి తెరుచుకోకపోతే బయట ఆపరేటర్‌కి చెయ్యి చూపిస్తాను, ఆపుతాడు. సెలైన్ ఎక్కుతున్న పేషెంట్ అయితే డ్రిప్‌లో గాలి భాగం కుంచించుకుపోతుంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. స్పృహ లేని పేషెంట్ గొంతులో పైపు ఉంటే, దాని చుట్టూ ఉండే చిన్న బెలూన్‌లో గాలి తీసేసి సెలైన్ నింపుతాం. లేదంటే ఒత్తిడికి అది ముడుచుకుపోతుంది.

18 మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడి దగ్గర ఆగుతాం. ఒడ్డున ఉన్నదానికి 2.8 రెట్లు. డైవర్లకి ప్రపంచమంతా ఎక్కువగా వాడేది అమెరికా నేవీ తయారుచేసిన టేబుల్ 6. టేబుల్ అంటే టైమ్‌టేబుల్ అనుకోండి. 20 నిమిషాలు ఆక్సిజన్, 5 నిమిషాలు మాస్క్ తీసి మామూలు గాలి. ఇలా మూడుసార్లు. తర్వాత అరగంట తీసుకుని మెల్లగా 9 మీటర్లకి. అక్కడ మధ్యమధ్యలో పావుగంట గాలితో రెండు గంటల ఆక్సిజన్. మళ్లీ అరగంటలో ఒడ్డు స్థాయికి. మొత్తం 4 గంటల 45 నిమిషాలు. తగ్గకపోతే ఇంకా పొడిగిస్తారు.

ఇందులో ఒకేసారి చాలా పనులు జరుగుతాయి. ఒత్తిడికి బుడగ చిన్నదవుతుంది. పీల్చే గాలిలో నైట్రోజన్ అసలు లేదు కాబట్టి బుడగలోని నైట్రోజన్ బయటికి లాగబడుతుంది. ఎర్ర కణాలతో పని లేకుండా ఆక్సిజన్ నేరుగా రక్తపు నీటిలోనే కరిగి, ఇరుక్కుపోయిన చోటికి కూడా చేరుతుంది. 1960 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ ఇటే బూరెమా పందుల రక్తంలోంచి ఎర్ర కణాల్ని దాదాపు పూర్తిగా తీసేసి, ఛాంబర్‌లో కాసేపు బతికించి చూపించాడు. వినడానికి క్రూరంగా ఉంది గానీ ఆక్సిజన్ ఎంత దూరం పోగలదో తెలిసింది అలాగే.

అయితే ఆక్సిజన్ ఎక్కువైనా విషమే. ఇంత ఒత్తిడిలో పీలుస్తుంటే కొందరికి ఫిట్స్ వస్తాయి. మధ్యలో గాలి ఇచ్చేది అందుకే. నేను పేషెంట్ పక్కన కబుర్లు చెప్తూ చూసేది అతని పెదాల్ని. చిన్నగా అదిరినా చాలు, మాస్క్ లాగేస్తాను. ఫిట్స్ వస్తే మాస్క్ తీయాలి గానీ ఒత్తిడి తగ్గించకూడదు. బిగబట్టిన ఊపిరితో పైకొస్తే ఇందాక చెప్పిన ఊపిరితిత్తుల చీలిక ఇక్కడే జరుగుతుంది.

ఇక నూనె గురించి. ఆక్సిజన్ ఎక్కువున్న చోట నిప్పు మామూలుగా అంటుకోదు, ఎగిసిపడుతుంది. 1997 అక్టోబర్ 31న ఇటలీలోని మిలాన్‌లో ఒక ఆసుపత్రి ఛాంబర్‌లో మంటలు రేగి 11 మంది చనిపోయారు. వాళ్లలో ఒకరు లోపలున్న నర్సు. ఒక పేషెంట్ చేతులు వెచ్చబెట్టుకోడానికి తెచ్చుకున్న చిన్న పరికరం దానికి కారణం. "ఒక్క చుక్కే రాశానమ్మా" అని బతిమాలే పెద్దావిడని కూడా నేను వెనక్కి పంపేస్తాను. తిట్టుకున్నా పర్లేదు.

మరో సంగతి. పేషెంట్ ఆక్సిజన్ పీలుస్తాడు, నేను గదిలోని గాలే పీలుస్తాను. అంటే నీళ్లు తగలకుండానే నేను 18 మీటర్ల డైవ్ చేసినట్టు. నా ఒంట్లోనూ నైట్రోజన్ చేరుతుంది. అందుకే చివర్లో నేనూ మాస్క్ పెట్టుకుని ఆక్సిజన్ తీసుకుంటాను. మర్నాడు ఊరికి ఫ్లైట్ ఉన్న నర్సుని ఆ షిఫ్టులో వేయరు.

కరీంనగర్ కుర్రాడి భుజం నొప్పి 18 మీటర్లకి చేరిన పది నిమిషాల్లో పోయింది. కాళ్లు మాత్రం మొండికేశాయి. మొదటి రోజు ముగిసేసరికి తొడల దాకా స్పర్శ వచ్చింది. మూడో రోజు తనంతట తనే మూత్రానికి వెళ్లి, వార్డులో ఉద్యోగం వచ్చినంత ఆనందంగా చెప్పాడు. రోజూ ఒక సెషన్ చొప్పున ఏడు రోజులు. ఇక మార్పు రావట్లేదని డాక్టర్లు ఆపారు. నడుస్తున్నాడు. కుడి పాదం మీద ఒక చోట మాత్రం వేడి, చల్లన తెలియట్లేదు. డైవింగ్ మానేయమన్నారు. ఆ శుక్రవారం సాయంత్రమే వచ్చుంటే పూర్తిగా తగ్గేదా అని అడిగాడు. ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు తమ్ముడూ, అవకాశం మాత్రం ఎక్కువుండేది అన్నాను.

ఛాంబర్ ఎంత దూరం?

వాడికి టాక్సీలో అరగంట దూరంలో ఛాంబర్ ఉంది. అందరికీ ఉండదు. హోండురాస్ తీరంలో మిస్కిటో తెగవాళ్లు లాబ్‌స్టర్ల కోసం కూలికి డైవ్ చేస్తారు. సిలిండర్ మీద సిలిండర్ ఖాళీ చేస్తూ, సరైన శిక్షణ లేకుండా, రోజంతా. ఊళ్లలో కర్రల మీద, చక్రాల కుర్చీల్లో తిరిగే కుర్రాళ్లు ఎందరో. 42 మంది డైవర్ల కేసులో హోండురాస్ ప్రభుత్వానిదే బాధ్యత అని అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 2021లో తీర్పు చెప్పింది. వాళ్లు "ఏం లేదు" అన్నది సరదాకి కాదు, ఒడ్డుకెళ్తే ఆ ట్రిప్పు కూలి పోతుందని.

దీనికి పూర్తి ఎదురు మన విశాఖలోనే ఉంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులై 18న అక్కడే నేవీలో చేరింది. లోతైన సముద్రంలో పనిచేసే డైవర్ల కోసమే కట్టిన ఓడ కాబట్టి ఛాంబర్లు అందులోనే ఉంటాయి. అంటే ఛాంబర్ ఉన్నచోటే వాళ్లు నీళ్లలోకి దిగుతారు. టూరిస్టు డైవర్‌కి ఆ భాగ్యం లేదు. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) దగ్గర ఏదైనా అయితే, ఛాంబర్ ఉండేది శ్రీ విజయపురం, అదే పాత పోర్ట్ బ్లెయిర్‌లోని నేవీ ఆసుపత్రిలో. మధ్యలో సముద్రం.

అందుకే పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉండటం అంత ముఖ్యం. అనుమానం వచ్చిన వెంటనే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మాస్క్‌తో వంద శాతం ఆక్సిజన్ మొదలుపెట్టాలి. స్పృహలో ఉంటే నీళ్లు తాగించాలి. మళ్లీ నీళ్లలోకి దింపి "లోతుకెళ్తే తగ్గుతుంది" అని ప్రయోగాలు చేయొద్దు. ఆక్సిజన్ ఇచ్చాక నొప్పి తగ్గినా డాక్టర్‌కి చూపించాల్సిందే, చాలాసార్లు మళ్లీ తిరగబెడుతుంది. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థకి ఇరవై నాలుగు గంటల ఎమర్జెన్సీ నంబర్ ఉంది. దగ్గర్లో పనిచేసే ఛాంబర్ ఏదో వాళ్లు చెప్తారు. ట్రిప్‌కి ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

విమానం సంగతి కూడా. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు లేదా వరస రోజులు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు. పైన గాలి పలచన, ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కి మళ్లీ గోలీ నొక్కినట్టే. కొండలకీ ఇదే వర్తిస్తుంది. పొద్దున రుషికొండలో స్కూబా, సాయంత్రం అరకులో బొంగు చికెన్ అని ప్లాన్ వేసేవాళ్లు ఉంటారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైమాటే. నాలుగైదు మీటర్ల లోతులో ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని చేసే సరదా డైవ్‌కి ఈ భయం చాలా తక్కువ. సర్టిఫికెట్ ఉండి లోతుకి దిగేవాళ్లు మాత్రం అరకుని మర్నాటికి పెట్టుకోండి.

బుకింగ్ చేసేటప్పుడు కెమెరా ఉందా, వీడియో ఎన్ని నిమిషాలు ఇస్తారు అని అందరూ అడుగుతారు. దాంతోపాటు పడవలో ఆక్సిజన్ ఉందా, అది వాడటం వచ్చినవాళ్లు ఎవరు, దగ్గరి ఛాంబర్ ఎక్కడ, అక్కడికి ఎలా తీసుకెళ్తారు అని కూడా అడగండి. సరైన వాళ్లు ఈ ప్రశ్నకి చిరాకు పడరు, సిలిండర్ తీసి చూపిస్తారు. మీ హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి తిరగేయండి. సాహస క్రీడలకి వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉండే పాలసీలు చాలా ఉన్నాయి. డైవర్లకి వేరే ఇన్సూరెన్స్ దొరుకుతుంది.